మూత పెట్టిన కంచం

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో, రాత్రి భోజనాలకు ముందు, ఒక విశ్రాంత చీఫ్ మేనేజర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న నా సహోద్యోగులకు, వాళ్ళందరికంటే ముందు వాళ్ళ ఇంటివాళ్ళకు. ఇంటివాళ్ళను ముందు ఎందుకు పెట్టానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

"మేడమ్, మీరు ఇంగ్లండులో అయిదు నెలలు ఉండి వచ్చారు కదా, ఆ విశేషాలు ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అని నిర్వాహకులు ఫోన్ చేశారు. లండన్ వంతెన, రాజుగారి కోట, పెద్ద గడియారం, ఇవన్నీ మీ పిల్లలు సెల్‌ఫోన్‌లో మీకు ఎప్పుడో చూపించేసి ఉంటారు. అందుకని నేను ఒక్క భోజనం గురించే చెబుతాను. మాంచెస్టర్ నగరంలో, ఒక జపాను హోటల్లో, మా అమ్మాయితో కలిసి చేసిన భోజనం. ఒంగోలు మనిషి, అందులోనూ శాకాహారి, ఇంగ్లండు వెళ్ళి జపాను తిండి తినడమేమిటని మావారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. ఆయన అప్పుడు అత్తయ్యగారికి తోడుగా ఒంగోల్లోనే ఉండిపోయారు లెండి.

మాంచెస్టర్ అనగానే మన పెద్దవాళ్ళకు మిల్లు గుడ్డ గుర్తొస్తుంది. ఒకప్పుడు ప్రపంచమంతటికీ నూలు బట్ట పంపిన ఊరు అది. ఆనాటి ఎర్ర ఇటుకల గిడ్డంగులు ఇప్పుడు ఆఫీసులు, ఫ్లాట్లు, హోటళ్ళు అయిపోయాయి. నార్తర్న్ క్వార్టర్ అనే పేటలో అలాంటి పాత కట్టడంలోనే ఉంది ఈ హోటలు. నవంబరు నెల. అక్కడ సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. సన్నగా వాన. పసుపుపచ్చ ట్రాము దిగి, గొడుగు పట్టుకుని నడుస్తుంటే మా అమ్మాయి చెప్పింది: "అమ్మా, మనకు ఆరున్నరకు టేబుల్ ఇచ్చారు. ఎనిమిదిన్నరకు లేచిపోవాలి." భోజనానికి కూడా డ్యూ డేట్ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అక్కడ రద్దీగా ఉండే చోట్ల ఇది మామూలేనట.

గుమ్మం పక్కన ఎర్ర కాగితం లాంతరు. ద్వారానికి సగం దాకా వేలాడే గుడ్డ తెర. దాన్ని నోరెన్ అంటారు. తల వంచి లోపలికి అడుగుపెట్టగానే పనివాళ్ళందరూ ఒక్కసారిగా "ఇరష్షయ్‌మాసే" అని కేక పెట్టారు. దయచేయండి అని అర్థం. మన బ్రాంచిలో అందరం కలిసి ఇలా కేకేస్తే వచ్చిన ఖాతాదారు అట్నుంచటే పారిపోతాడు.

ఆ రోజు మాతో ఇంకో మనిషి కూడా ఉంది. మా అమ్మాయి ఆఫీసులోనే పనిచేసే జపాను అమ్మాయి, సొంతూరు ఒసాకా. మా అమ్మాయిని చూసి తనూ నన్ను "ఆంటీ" అనేది. ఆ సాయంత్రానికి నా గురువు ఆ పిల్లే.

ఇలాంటి హోటలును ఇజకాయా అంటారు. 'ఇ' అంటే ఉండటం, 'సకయా' అంటే సారా కొట్టు. పూర్వం ఎడో కాలంలో, అంటే టోక్యోకు ఇంకా ఎడో అనే పేరున్న రోజుల్లో, జనం కొట్టుకు వెళ్ళి బియ్యపు సారా కొనుక్కుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు. కొన్ని కొట్లవాళ్ళు, ఇక్కడే కూర్చుని తాగండి అని చోటిచ్చారు. ఊరికే తాగలేరు కదా, నంజుకోవడానికి చిన్న చిన్న వంటకాలు మొదలుపెట్టారు. అలా పుట్టింది ఇజకాయా. మనం తిని లేచిపోయే హోటలు కాదది, కూర్చుండిపోయే కొట్టు. అలాంటి కొట్టుకు ఇంగ్లండులో రెండు గంటల గడువు పెట్టారన్నమాట!

కూర్చోగానే వేడి నీళ్ళలో పిండిన చిన్న తువాలు చేతికిచ్చారు. చేతులు తుడుచుకోవాలి. జపానులో అయితే, తరవాత మనం అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో ఒకటి తెచ్చి పెడతారట. దానికీ బిల్లు వేస్తారట. "అంటే ఖాతా తెరవగానే పడే చార్జీ అన్నమాట" అన్నాను. మా అమ్మాయి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసరికి ఆ పిల్ల పడీపడీ నవ్వింది. తను బీరు చెప్పింది. మా అమ్మాయి నా మొహంకేసి ఒకసారి చూసి నిమ్మకాయ సోడా చెప్పింది. నేను లేనప్పుడు ఏం చెబుతుందో ఆ లెక్క ఆడిటుకు వదిలేశాను. నాకు పచ్చ టీ.

ఇక తిండి సంగతి. ముందుగా ఎదమామె వచ్చింది. లేత సోయా కాయలు ఉడకబెట్టి ఉప్పు చల్లుతారు. కాయను పళ్ళ మధ్య పెట్టి గింజను లోపలికి నొక్కుకుని తొక్క పక్కన పడేయాలి. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తినే మనకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. అయిదు నిమిషాల్లో మా బల్ల మీద తొక్కల గుట్ట లేచింది.

తరవాత అగెదషి తోఫు చెప్పబోయాం. సోయా పాలు విరగ్గొట్టి చేసిన ముక్కల్ని వేయించి పలచటి రసంలో వేసి ఇస్తారు. మన రసం వడలాంటిదే. మెనూలో చూస్తే మాంసం మాటే లేదు. కానీ నాకు ముప్ఫై అయిదేళ్ళ ట్రయల్ బ్యాలెన్సు కళ్ళున్నాయి కదా! బ్రిటనులో ఒక చట్టం ఉంది. పడనివాళ్ళ కోసం పాలు, గుడ్లు, చేప, సోయా, నువ్వులు ఇలా 14 రకాల పదార్థాల్లో ఏ వంటకంలో ఏముందో హోటలువాళ్ళు చెప్పి తీరాలి. ఆ పట్టిక తెప్పించాను. అడ్డంగా వంటకాలు, నిలువుగా పదార్థాలు. గళ్ళ వెంట వేలు పెట్టుకుంటూ పోతే అగెదషి తోఫు వరసలో 'చేప' గడిలో గుర్తు దొరికింది. చూశారా, డెబిట్ ఎక్కడో దాక్కుంది!

కారణం ఆ పిల్ల చెప్పింది. జపాను వంటకు ప్రాణం దషి అనే చారునీళ్ళు. కత్సువో అనే చేపను ఉడికించి, పొగబెట్టి, కర్రలా ఎండబెట్టి, పొరలుగా చిత్రిక పట్టి నీళ్ళలో వేస్తారు. దానికి తోడు కొంబు అనే సముద్రపు నాచు. సూపులో, పులుసులో, చివరికి కొన్ని కూరగాయల వంటకాల్లో కూడా కంటికి కనిపించకుండా అదే ఉంటుంది. ఆ కొంబు రుచి ఎక్కడినుంచి వస్తోందో 1908లో ఇకెదా అనే జపాను శాస్త్రవేత్త కనిపెట్టి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడట. పక్క బల్ల మీద వేడి వేడి అట్టు మీద ఆ చేప పొరలు చల్లితే ఆవిరికి ప్రాణమున్నట్టు కదులుతున్నాయి. నేను మొహం తిప్పుకున్నాను. కానీ బౌద్ధ మఠాల్లో సాధువులు చేప లేకుండా కొంబుతో, ఎండు పుట్టగొడుగులతోనే దషి కాస్తారట. వడ్డించే అబ్బాయి వంటింట్లోకి వెళ్ళి కనుక్కొచ్చి, తోఫును రసం లేకుండా ఇస్తామన్నాడు. అలాగే తిన్నాను. రసం లేని రసం వడ ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఆ లోటు వంకాయ తీర్చింది. నాసు దెంగకు అంటారు. వంకాయను నిలువుగా కోసి, కాల్చి, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దను తియ్యగా చేసి పైన పూసి, మళ్ళీ సెగ చూపిస్తారు. గుత్తివంకాయకు పెద్దమ్మ కూతురు వరస. అందులో మిరిన్ అనే తియ్యటి వంటసారా పడుతుందని తిన్నాక చెప్పింది మా అమ్మాయి. పొయ్యి మీద ఎగిరిపోయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. మిమ్మల్ని కూడా అలాగే సర్దుకోమంటున్నాను.

చివర్లో ఒనిగిరి. అన్నాన్ని మూడు మూలల ముద్దగా నొక్కి, నల్లటి నాచు రేకు చుట్టి, మధ్యలో ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి కాయ పెడతారు. ఊరిన ఉసిరికాయ నోట్లో పెట్టుకున్నట్టే కళ్ళు మూసుకుపోయాయి. పక్కనే చిన్న గిన్నెలో తెల్లన్నం కూడా తెచ్చారు. చేతికి కొత్తయిన ఆ పుల్లలు ఎక్కడ పెట్టాలో తోచక అన్నంలో నిలువుగా గుచ్చాను. ఆ పిల్ల గబుక్కున, కానీ ఎంతో మర్యాదగా, వాటిని తీసి పక్కన పెట్టింది. జపానులో పోయినవాళ్ళ ముందు పెట్టే అన్నంలోనే పుల్లలు అలా గుచ్చుతారట. మన ఇళ్ళల్లో పిండం పెట్టినట్టు అన్నం వడ్డిస్తే పెద్దవాళ్ళు ఊరుకుంటారా? అలాగే ఇదీ. నాకు కోపం రాలేదు సరికదా, మనవాళ్ళలోనే ఉన్నట్టనిపించింది.

ఇంకో సంగతి. ఇజకాయాలో ఎవరి పళ్ళెం వాళ్ళకుండదు. వంటకాలు బల్ల మధ్యలో పెడతారు, అందరూ అందులోంచే తీసుకుంటారు. నాకు ఎంగిలి పట్టింపు. మా అమ్మాయికి తెలుసు, బిక్కమొహం వేసుకుని నన్నే చూస్తోంది. నేనేమీ అనకముందే ఆ పిల్ల వడ్డనకు వేరే పుల్లలు తెప్పించింది. వాళ్ళలోనూ నోట్లో పెట్టుకున్న పుల్లతో అందరి పళ్ళెంలోంచి తీస్తే తప్పేనట. ఇంకో మర్యాద కూడా నేర్పింది. ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోకూడదు. పక్కవాళ్ళది మనం నింపాలి, మనది వాళ్ళు నింపుతారు. మన పెళ్ళి పందిట్లో తన విస్తట్లో తనే వడ్డించుకునేవాణ్ణి చూస్తే ఎంత చిన్నతనంగా ఉంటుందో అంతే.

ఇలా తింటూ, పక్కవాళ్ళ గ్లాసులు నింపుతూ ఉండగా, ఇజకాయాకు ఎక్కువగా ఎవరు వెళతారని అడిగాను. ఆఫీసులవాళ్ళు అంది. సాయంత్రం పని ముగిశాక సెక్షన్ అంతా కలిసి వెళతారు. మొదటి గుక్కకు ముందు "ఒత్సుకరెసమా" అనుకుంటారు. 'మీరు అలసిపోయారు, కష్టపడ్డారు' అని ఒకరినొకరు గుర్తించే మాట అది. పగలు నోరెత్తని గుమాస్తా కూడా అక్కడ పై అధికారితో నాలుగు మాటలు మాట్లాడతాడు.

ఆ మాట వినగానే నాలోని బ్రాంచి మేనేజరు లేచి కూర్చుంది. "మా బ్యాంకులో కూడా ఇజకాయా ఉండేది" అని మొదలుపెట్టాను. 2016 నవంబరు సంగతి. మీలో చాలామందికి చెప్పనక్కర్లేదు. 8వ తేదీ రాత్రి అయిదు వందలు, వెయ్యి నోట్లు రద్దు. 9న బ్యాంకులకు సెలవు. 10 పొద్దున షట్టరు ఎత్తేసరికి రోడ్డు చివరిదాకా వరస. శని ఆదివారాలు కూడా లేవు. నేను అప్పుడు ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రంలో మేనేజర్ని. రాత్రి పదింటికి కూడా నగదు తేలేది కాదు. అప్పుడు నేనొక నియమం పెట్టాను. తొమ్మిదింటికి కౌంటర్లు, నోట్ల కట్టలు, అన్నీ లోపల పెట్టి తాళం వేసి, స్వీపరు దగ్గర్నుంచి నాదాకా అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చుని భోజనం చేయాలి. ఎదురు మెస్సు నుంచి పార్సిళ్ళు, డబ్బు నాది. ఆ అరగంట నవ్వులతోనే ఆ యాభై రోజులూ గడిచాయి. నా సర్వీసు మొత్తంలో నేను గర్వపడే పని ఏమిటంటే అదే చెబుతాను. ఆ పిల్లకూ అలాగే చెప్పాను.

తను శ్రద్ధగా విన్నది. విని, "మా నాన్న కూడా అలాగే ఆంటీ" అంది. "వాళ్ళ సెక్షన్‌లో అందరికీ మా నాన్నంటే ఇష్టం. వారంలో మూడు నాలుగు రాత్రులు ఇజకాయాలోనే. ఆఖరి రైలుకు వచ్చేవాడు. అమ్మ ఆయన భోజనం గిన్నెల్లో పెట్టి, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి బల్ల మీద ఉంచేది. పొద్దున నేను బడికి వెళ్ళేటప్పుడు చూస్తే చాలాసార్లు ఆ కాగితం చుట్టినది చుట్టినట్టే ఉండేది."

బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా అమ్మాయి, సోడా గ్లాసును తిప్పుతూ, తెలుగులో నాతో అంది: "మనింట్లో స్టీలు మూత కదమ్మా."

అంతే అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను జవాబు చెప్పేదాన్నేమో. ఆ నవంబరులో తను ఇంటర్ రెండో సంవత్సరం. మావారి ఉద్యోగం కడపలో. ఒంగోలు ఇంట్లో తనూ, మా అత్తయ్యగారూ. నేను రాత్రి పదకొండు దాటాక వచ్చేదాన్ని. బల్ల మీద నా కంచం, పైన మూత. "బ్రాంచిలో తినేశానమ్మా" అనేసి పడుకునేదాన్ని. ఆ మూత కింద ఏముందో ఒక్కరోజు కూడా తీసి చూడలేదు. తరవాత అడిగితే మా అమ్మాయి చెప్పింది: "నువ్వు వచ్చాక తిందామని నేను కూడా చాలా రోజులు తినలేదు. నాయనమ్మ తిట్టేది. నువ్వు తినేశానన్నాక లేచి వెళ్ళి పెరుగన్నం తినేదాన్ని."

నా బ్రాంచిలో స్వీపరు ఆకలి కూడా నాకు తెలుసు. నా కూతురి ఆకలి తొమ్మిదేళ్ళ తరవాత, ఏడు సముద్రాల అవతల, జపాను హోటల్లో తెలిసింది.

ఏం చెప్పాలో తోచలేదు. "అప్పుడు ఉద్యోగం అలాంటిది" అనవచ్చు. అది నిజమే. ఆ వరసల్లో నిలబడ్డవాళ్ళలో కూతురి పెళ్ళి పెట్టుకున్నవాళ్ళున్నారు, ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళున్నారు. ఆ పని వదిలి వచ్చి ఉండాల్సిందని నేను ఈ రోజుకీ అనను. కానీ ఎదమామె తొక్కల ముందు కూర్చున్న ఆ నిమిషంలో ఆ వాదన నా నోట రాలేదు. "ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది తల్లీ, మీరు తినేయండి అని. అదీ చేయలేదు" అన్నాను. తను "ఊఁ" అంది. నేను కెటిల్ ఎత్తి తన కప్పులో టీ పోశాను. తను నా చేతిలోంచి కెటిల్ తీసుకుని నా కప్పు నింపింది.

సరిగ్గా అప్పుడే వడ్డించే అబ్బాయి వచ్చి, తరవాతివాళ్ళు ఎదురుచూస్తున్నారని నవ్వుతూ గుర్తుచేశాడు. ఎనిమిదిన్నర. బిల్లు తెచ్చాడు. చివర్లో సర్వీసు చార్జీ, కింద చిన్న అక్షరాలతో 'ఇష్టముంటేనే' అని ఉంది. ఇచ్చాను. జపానులో అయితే టిప్పు ఇచ్చే అలవాటే లేదంది ఆ పిల్ల.

లేచేటప్పుడు ఆ పిల్ల చేతులు జోడించి ఒక మాట అంది: "గోచిసోసమా." అర్థం అడిగాను. భోజనం పెట్టినవాళ్ళకు చెప్పే కృతజ్ఞత. అందులో 'చిసో' అనే మాటకు అసలు అర్థం పరుగులు పెట్టడమట. అతిథి కోసం సరుకులు సమకూర్చడానికి అటూ ఇటూ పరిగెత్తినవాళ్ళ శ్రమకు దండం పెట్టడం. మనం 'అన్నదాతా సుఖీభవ' అంటామే, అలాంటిది. ట్రాములో ఇంటికి వెళుతూ అదే ఆలోచించాను. ఆఫీసువాళ్ళకు చెప్పే మాట ఒకటి, అలసిపోయారని. ఇంటివాళ్ళకు చెప్పే మాట ఒకటి, మా కోసం పరిగెత్తారని. నేను మొదటి మాట నా బ్రాంచిలో అందరికీ చెప్పాను. రెండో మాట మా అత్తయ్యగారికి ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు ఎనభై దాటాయి. ఆ రాత్రి మనకు తెల్లవారగానే ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పుడేమయిందే నీకు, ఒంట్లో బాగానే ఉందా?" అని కంగారుపడిందావిడ.

ఆ తరవాత ఇంకో రెండు నెలలు ఉన్నాను అక్కడ. మా అమ్మాయికి కొన్ని రోజులు పని ఆలస్యమయ్యేది. తను వచ్చేదాకా కంచంలో వడ్డించి, మూత పెట్టి కూర్చునేదాన్ని. ఎదురుచూసేవాళ్ళకు గడియారం ఎంత నెమ్మదిగా తిరుగుతుందో అరవై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను. ఒకరోజు తొమ్మిదింటికి ఫోను మోగింది. "అమ్మా, ఇంకో గంట పడుతుంది. నువ్వు తినేయి" అంది. తినలేదు. కానీ ఆ ఫోను వచ్చినందుకే కడుపు సగం నిండిపోయింది.

మార్చి వస్తోంది. సంవత్సరాంతపు లెక్కలు ఎవరికీ తప్పవు. ఆలస్యంగా ఇంటికి వెళ్ళే పిల్లలూ, మిమ్మల్ని ఇంటికి త్వరగా వెళ్ళమని చెప్పను, చెప్పినా కుదరదు. ఎనిమిదింటికి ఒక్క ఫోన్ చేయండి. ఇంటికి వెళ్ళాక మూత తీసి చూడండి. ఆకలి లేకపోతే ఒక్క ముద్దయినా తినండి. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళకు కూడా ఒక మాట: మీకు ఆకలేస్తే తినేయండి, తినలేదన్న సంగతి దాచకండి. మా అమ్మాయిలా తొమ్మిదేళ్ళు మోయకండి.

నా ఇరవై నిమిషాలు అయిపోయాయి. లోపలినుంచి సాంబారు వాసన కూడా వస్తోంది. మీ కోసం పొద్దుటినుంచి పరిగెత్తినవాళ్ళు అక్కడ ఉన్నారు. వంటవాళ్ళకు ఒక దండం పెట్టి కూర్చోండి. ఇవాళ ఎవరి విస్తట్లో వాళ్ళు వడ్డించుకోవద్దు. పక్కన కూర్చున్న మీ ఇంటివాళ్ళకు మీరు వడ్డించండి, మీకు వాళ్ళు వడ్డిస్తారు. అందరూ తీరిగ్గా కూర్చుని తినండి. ఇక్కడ ఎనిమిదిన్నరకు లేవమనేవాళ్ళెవరూ లేరు.

సెలవు.